ఆటలో బాగుపడ్డ వంతెన

వంతెన బాగుచేయమని మా ఊరి పెద్ద ఉత్తరువు ఇచ్చాడు. ఏటిమీద వంతెన కాదు. కంప్యూటర్లో వంతెన.

ఈ మాట చెబితే పక్క ఊళ్లో మా చెల్లెలు పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా ఇళ్లు ఏటికి ఈవల, బడి ఆవల. మధ్యన ఇనప తాళ్లమీద వేలాడే కాలివంతెన. కార్లు పోయే వంతెన దిగువన పిండిమర దగ్గరుంది కానీ, అటు తిరిగి వెళ్తే పిల్లలకి మొదటి గంట అయిపోతుంది. కాలివంతెనకి చెక్కలు కొన్ని పోయాయి, కొన్ని పుచ్చిపోయాయి. పట్టుకునే తీగ ఒకవైపు ఉంది, ఇంకోవైపు ఎప్పుడో తెగి నీళ్లలో వేలాడుతోంది. చలికాలం పరవాలేదు, కింద ఏరు గడ్డకట్టి ఉంటుంది. మంచు కరగడం మొదలయ్యాక చూడాలి ఆ ఏరు. బండరాళ్లు దొర్లుకుంటూ పోయే చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది.

మా ఆయన గొర్రెల మందతో కొండమీద ఉంటాడు. ఇంట్లో నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కుందుజ్.

ఒకరోజు నేను నూనెలో వేయించే బోర్సోక్‌లకి పిండి పిసుకుతుంటే అది వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అపా, నీకు రోజూ దేనికి భయం?" అంది. అమ్మని అపా అంటాం మేము.

"నువ్వు నీళ్లు తేకుండా ఇలా కూర్చుంటావని భయం. లే."

"బడి పనే అపా. ఎర్మెక్ అగాయ్ ఇచ్చాడు. మేం వీడియో గేమ్ చేయాలి. దానికంటే ముందు ఒక మనిషిని పట్టుకుని, ఆ మనిషికి ఏం ఇబ్బందో అడగాలి. మనం ఊహించుకోకూడదు, వాళ్ల నోటినించే రావాలి."

ఎర్మెక్ అగాయ్ అంటే ఆ ఏడాదే వచ్చిన కంప్యూటర్ పంతులు. బక్కపల్చటి కుర్రాడు. అతన్ని చూస్తే ముందు కడుపునిండా అన్నం పెట్టాలనిపిస్తుంది.

"నా ఇబ్బందులమీద ఆటలాడుకుంటారా? బాగుంది చదువు!"

"చెప్పు అపా. నువ్వు చెప్తుంటే నేను మధ్యలో మాట్లాడకూడదు."

"పెద్దవాళ్లు చెప్తుంటే మధ్యలో మాట్లాడకూడదని నేర్పాడా? అయితే పనికొచ్చే పంతులే."

సరే అని చెప్పాను. కుక్కలన్నాను. బొగ్గు పొయ్యి పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుందన్నాను. గుర్రం వెనకనించి వెళ్తే తంతుందన్నాను. కొండ విరిగిపడొచ్చు, బస్సు లోయలో పడొచ్చు, ఫోన్ పేలొచ్చు. చెప్పేకొద్దీ ఇంకా ఇంకా గుర్తొస్తున్నాయి. అది నవ్వకుండా వింది. "వీటన్నిట్లో ఏది?" అంది. చెప్పలేదు. మళ్లీ అడిగింది. ఎందుకు, ఎందుకు అని తవ్వింది. చివరికి, "నువ్వు వంతెన దాటేదాకా నేను గుమ్మంలోనే నిలబడతాను. అవతల గట్టుమీద నీ ఎర్ర టోపీ కనబడ్డాకే పొయ్యి దగ్గరికి వెళ్తాను. సాయంత్రం మళ్లీ అంతే," అన్నాను.

"రోజూనా?"

"మరి?"

అది లేచింది. నీళ్ల బకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి వారం మా బల్లమీద వంతెన లేచింది. అట్టముక్కలు చెక్కలట, ఉన్ని దారం ఇనప తాళ్లట. మనుషుల బదులు గొర్రె మడమ ఎముకలు. మా చిన్నప్పుడు గిరి గీసుకుని ఆడుకునేవాళ్లం ఆ ఎముకలతో. కంప్యూటర్ ముట్టుకునే ముందు ఇలా చేసి, ఎవరిచేతనైనా ఆడించి చూడాలట. ఆడేవాళ్లకి ఏమీ చెప్పకూడదట. పక్కింటి కెన్జేబూని పిలిచాం, కుందుజ్ ఆమెని ఎజే, అంటే అక్కా, అంటుంది. కెన్జేబూ కూతురు బేగాయ్ ఒకటో తరగతి, కుందుజ్ చెయ్యి పట్టుకునే బడికి వెళ్తుంది. కెన్జేబూ ఎముక వేసింది, కదిపింది, అట్టముక్క కింద పడింది.

"అమ్మో! నన్ను మింగేసిందే నీ వంతెన! ఎక్కడ అడుగెయ్యాలో చెప్పవేం?"

"చెప్పకూడదు ఎజే."

"మీ అమ్మకన్నా కఠినాత్మురాలివే నువ్వు. మీ అమ్మయితే నేను పడకముందే ఏడుపు మొదలుపెట్టేది."

కుందుజ్ నవ్వుతూనే ఏ అట్ట దగ్గర పడిందో చూసుకుంది. బేగాయ్ చేత ఆడించింది, నా చేత ఆడించింది. అందరం ఒకే చోట పడుతున్నాం.

ఒకరోజు ఎర్మెక్ అగాయ్ టీకి వచ్చాడు. రొట్టె, వెన్న ముందుపెట్టి, మొహమాటం లేకుండా అడిగేశాను. "బాబూ, దీన్ని చదువంటారా? లెక్కలు రావాలి, రష్యన్ రావాలి, పరీక్ష గట్టెక్కాలి. ఆటలేమిటి?"

"దీన్ని డిజైన్ థింకింగ్ అంటారు ఎజే. అంటే మరేం లేదు. ఎవరికోసం చేస్తున్నామో వాళ్లని అడగడం, చేయడం, వాళ్ల చేతికిచ్చి చూడడం, బాగాలేకపోతే మళ్లీ చేయడం. ఆటలో అయితే తొందరగా నేర్చుకుంటారు. ఎందుకంటే ఆడేవాడు పడితే వెంటనే కనిపిస్తుంది."

"పడితే ఎవరికి మార్కులు తగ్గుతాయి? పడినవాడికా?"

"కాదు ఎజే. ఆడేవాడు పడితే తప్పు వాడిది కాదు. చేసినవాడిది. ఈ ఒక్కటి వాళ్లకి ఎక్కితే నాకు చాలు."

ఆ మాట నాకు నచ్చింది. ఇంకో రొట్టె విరిచి పెట్టాను.

బళ్లో ఆట చూపించిన రోజు తల్లులందరం వెళ్లాం. తెరమీద మా ఏరే! అదే రంగు నీళ్లు, అదే వంతెన. పుచ్చిన చెక్క పుచ్చిన చోటే ఉంది, తెగిన తీగ తెగిన వైపే వేలాడుతోంది. ఎర్ర టోపీ పిల్ల వంతెన దాటాలి. ఒక మూల కిటికీలో అమ్మ మొహం. పిల్ల ఊగినప్పుడల్లా ఆ మొహం పాలిపోతుంది. పెద్దపిల్లలు ఆడారు, పడ్డారు. వంట చేసే ముసలామె ఆడింది, పడింది. మొదట అందరూ నవ్వారు. ఎవరో వెనకనించి, "అరే, అది మన చెక్కే కదా," అన్నారు. ఇక నవ్వు వినపడలేదు. ఊరి పెద్ద తోక్తోసున్ బాయ్‌కే ముందు వరసలో కూర్చున్నాడు. మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు.

రెండు రోజులకి బడి పెద్ద సోనున్‌బూబు ఎజేయ్ నన్ను గదికి పిలిపించింది. పిల్లని బళ్లోంచి తీసేస్తారనుకున్నాను.

"రా జిపార్‌గుల్, కూర్చో. టీ తాగు," అంది తియ్యగా. "మీ అమ్మాయి ఆట చాలా బాగుంది. పట్నంనించి పెద్దవాళ్లు వస్తున్నారు ఈ క్లాసు చూడ్డానికి. తోక్తోసున్ బాయ్‌కే కూడా ఆలోచించాడు. వాళ్లొచ్చేలోపు వంతెన బాగుచేయాలన్నాడు."

నేను టీ గిన్నె కింద పెట్టి రెండు చేతులూ ఎత్తాను, దీవెన పెట్టడానికి. "ఆయన పిల్లలు చల్లగా ఉండాలి, ఆయన మంద పెరగాలి..."

"కుందుజ్‌కి చెప్పు," అంటోంది ఆవిడ. "ఆ తెగిన తీగ తీసేసి రెండువైపులా కంచె వేయమను. కొత్త చెక్కలు వేయమను. పువ్వులు కూడా పెడితే కళగా ఉంటుంది."

ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. దీవెన మొదలుపెట్టాక మొహం తుడుచుకోకుండా చేతులు దించకూడదు. ఏం దీవెనని తుడుచుకోను?

"ఆటలోనా?" అన్నాను.

"ఆటలోనే."

"మరి ఏటిమీదది?"

"అది వేరే ఆఫీసు పని. జిపార్‌గుల్, అతిథులు వచ్చినప్పుడు మనం చిరిగిన పరుపులు ముందు పరుస్తామా? మంచివి పరుస్తాం కదా. ఇదీ అంతే."

"ఎజేయ్, ఆ చిరిగిన పరుపుమీద రోజూ పిల్లలు నడుస్తున్నారు."

"చూసుకుని నడవాలి. మనమంతా అలా నడిచే పెద్దయ్యాం." గొంతులో తియ్యదనం పోయింది. "ఎర్మెక్‌ది ఇంకా పక్కా ఉద్యోగం కాదు. ఆ క్లాసు ఉండాలో వద్దో మీ తల్లులే ఆలోచించుకోండి."

చూశారా! చెక్కని పుచ్చనిచ్చింది ఒకరు, దాన్ని చూపించింది పిల్లలు. శిక్ష ఎవరికట? చూపించినవాళ్లకి!

ఎర్మెక్ అగాయ్ దుకాణం దగ్గర ఎదురుపడితే దులిపేశాను. "అడగాలి, వినాలి అన్నావు. నన్నడిగి ఆ ఆట చేశారు. ఇప్పుడు మార్చేటప్పుడు నన్ను ఎవరడిగారు?"

"ఒక్కరోజుకే ఎజే," అన్నాడు బూట్లవంక చూసుకుంటూ. "వాళ్లు వెళ్లిపోగానే పాత ఆటే పెట్టేద్దాం. క్లాసు పోతే పిల్లలు..."

పాపం అతన్ని తిట్టి లాభమేమిటి? అయినా తిట్టాను.

పిల్లలు మార్చారు. కుందుజ్ ఇంటికొచ్చి పుస్తకాల సంచీ గోడకేసి కొట్టింది.

"ఇప్పుడు అందులో ఆటే లేదు అపా! ఎవరూ పడరు. ఊరికే అటు నించి ఇటు పోవడమే. విసుగు పుడుతుందని ఆపిల్ పళ్లు పెట్టాం. ఎంత జోరుగా పరిగెత్తితే అన్ని పళ్లు."

ఒకటో తరగతి వాళ్లని తెచ్చి ఆడించారట. చిన్నపిల్లలకి పండగే. బేగాయ్ అందరికన్నా ఎక్కువ పళ్లు ఏరిందని కెన్జేబూ మురిసిపోతూ చెప్పింది. కొత్త వంతెన, తెల్ల కంచె, పరుగే పరుగు.

ఆ తర్వాతి ఉదయం నేను గుమ్మంలో ఉన్నాను. కుందుజ్, బేగాయ్ వంతెన దగ్గరికి చేరారు. ఎప్పుడూ అక్కడ బేగాయ్ ఆగి, కుందుజ్ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆ రోజు ఆగలేదు. చెయ్యి విడిపించుకుని ఒకటే పరుగు. కుందుజ్ కేక వినిపించింది. నా కేక నాకు వినపడలేదు. నడిమధ్యలో చెక్క విరిగి పిల్ల ఒక కాలు తొడదాకా దిగిపోయింది. కుందుజ్ బోర్లా పడుకుని దాని సంచీ పట్టీ పట్టుకుంది. నేనెలా వెళ్లానో, ఏ చెక్కమీద కాలు పెట్టానో తెలీదు. ఇద్దరం కలిసి పైకి లాగాం. బూటు ఏట్లో పోయింది. కాలంతా గీసుకుపోయి రక్తం.

పిల్ల ఏడుస్తూ ఏమందో తెలుసా? "ఆటలో పడలేదుగా!" అంది.

కుందుజ్ మొహం అప్పుడు చూడాలి. ఎవరూ ఏమీ అనకుండానే, చెంపదెబ్బ తిన్నదానిలా అయిపోయింది.

నేను ఏటి తుంపరకి తడిసిన బట్టలతోనే బడి పెద్ద గదిలోకి వెళ్లాను. విషయం విని ఆవిడ ముందు గుండెమీద చెయ్యి వేసుకుంది. తర్వాత, "చూసుకోవద్దూ! ఆ వయసు పిల్లలకి ఒక చోట కాలు నిలవదు," అంది.

"ఎజేయ్! మీ బళ్లో చెప్పే పాఠమే చెప్తాను, వినండి. పడితే తప్పు పడినవాళ్లది కాదు, చేసినవాళ్లది. తొమ్మిదో తరగతి పిల్లలకి ఎక్కింది. మీకెందుకు ఎక్కదు?"

అలా మాట్లాడగలనని నాకే తెలీదు. బయటికొచ్చాను. ఇక కుందుజ్ పేరు కొట్టేస్తారు, మా ఆయన మందని బీట్లోకి రానివ్వరు, ఇంకేం చేస్తారో అని దారిపొడుగునా భయమే.

కెన్జేబూ మా ఇంట్లో పిల్ల కాలికి కట్టు కడుతోంది. కట్టు ముడివేసి, "పట్నంవాళ్ల కారు ఏ దారిన వస్తుంది?" అంది.

"మన దారినే. ఇక్కణ్నించి మర దగ్గరికి దిగుతుంది."

"మీ ఇంట్లో గుర్రపు వెంట్రుకల తాడుందా, పెద్దది?"

అర్థమైంది నాకు. పెళ్లివారి బండ్లు ఊళ్లోకి వస్తే ఆడవాళ్లం దారికి అడ్డంగా తాడు పట్టుకుంటాం. కానుక ఇచ్చేదాకా వదలం. తాడు తెంచినా, కిందనించి దూరినా ఆ మగాడిని తరతరాలు చెప్పుకుని నవ్వుతారు. పెళ్లి లేకుండా ఎవరూ ఎప్పుడూ తాడు కట్టలేదు. అయినా తాడు తీశాను.

అతిథులు వచ్చే రోజు మా వీధి ఆడవాళ్లందరం కాలివంతెన ముందు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాం. రెండు కార్లు వచ్చి ఆగాయి. ముందు కారులోంచి తోక్తోసున్ బాయ్‌కే నవ్వుతూ దిగాడు. మర్యాద చేస్తున్నామనుకున్నాడు మరి! వెనక కారులోంచి పట్నంవాళ్లు దిగి ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు.

"శభాష్ కోడళ్లూ! అతిథులకి మన ఆచారం చూపిస్తున్నారన్నమాట!" జేబులోంచి నోటు తీశాడు.

"డబ్బు వద్దు బాయ్‌కే," అంది కెన్జేబూ. "కానుక ఏమిటో తాడు పట్టుకున్నవాళ్లే కోరుకోవాలి."

"కోరుకోండి మరి! చాక్లెట్లా, సిల్కు గుడ్డలా?"

అందరూ నావైపు చూశారు. "చెక్కలు," అన్నాను. "రెండువైపులా పట్టుకునే తీగ. ఆటలో మీరు వేయించినట్టే."

ఆయన నవ్వు చెంపలమీదే ఉండిపోయింది. పట్నంనించి వచ్చిన ఆడమనిషి, "ఏ ఆట?" అంది.

"మీరు చూడ్డానికొచ్చిన ఆటేనమ్మా. అందులో వంతెన కొత్తగా, పువ్వులతో ఉంటుంది. దాని అసలు మొహం ఇదిగో, ఇది." పక్కకి తప్పుకున్నాను. విరిగిన చెక్క దగ్గర కంత, కింద నురగ. బేగాయ్ కట్టుకాలితో వాళ్లమ్మ కోటు పట్టుకుని నిలబడి ఉంది.

ఆ పట్నం మనిషి వంతెన చూసింది, పిల్లని చూసింది, తర్వాత గడియారం చూసింది. "చాలా బాధాకరం. కానీ మాకు ఆలస్యమవుతోంది," అంది.

ఆలస్యం! వాళ్లకి!

తోక్తోసున్ బాయ్‌కే నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కోడలా, మామ వయసువాడి దారికి అడ్డం నిలబడతావా? సిగ్గుగా లేదూ?"

"ఉంది బాయ్‌కే. చచ్చేంత సిగ్గుగా ఉంది. చెక్కలు తెప్పించండి."

"ఇస్తానన్నానుగా. ముందు వదలండి."

"అప్పుమీద పెళ్లికూతుర్ని పంపుతారా ఎక్కడైనా?" అంది కెన్జేబూ. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. ఆయన తాడు కిందనించి దూరదామన్నట్టు కొంచెం వంగాడు కూడా. "వంగుతున్నాడర్రో! ఫొటో తియ్యండి!" అని ఎవరో అరిచారు. ఆయన నిటారుగా లేచి ఎవరికో ఫోన్ చేశాడు.

పట్నంవాళ్లు కాసేపు కార్లో కూర్చుని, వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఆట చూడనేలేదు. సోనున్‌బూబు ఎజేయ్ అవతల గట్టుమీద నిలబడి చేతులు పిసుక్కోవడం ఇక్కడికి కనిపించింది. మధ్యాహ్నానికి ట్రాక్టర్‌మీద చెక్కలు వచ్చాయి, తీగ చుట్ట వచ్చింది, మేకులు వచ్చాయి. అంటే అన్నీ ఉన్నాయన్నమాట! ఎక్కడో షెడ్డులో పడి ఉన్నాయి! అది చూశాక నాకు కోపం తగ్గలేదు, ఇంకా రేగింది. వీధి మగవాళ్లు కూడా సుత్తులతో వచ్చి చెయ్యి వేశారు.

పొద్దు వాలేసరికి, "అయిపోయింది, తాడు చుట్టేయండి," అన్నాడు తోక్తోసున్ బాయ్‌కే.

అప్పటికి ఎర్మెక్ అగాయ్ పిల్లల్ని తీసుకుని అవతల గట్టుకి వచ్చి ఉన్నాడు. కుందుజ్ అక్కణ్నించే అరిచింది. "అపా, విప్పొద్దు! ముందు బేగాయ్‌ని నడవనివ్వండి. ఎవరూ ఏమీ చెప్పకండి!"

బేగాయ్ అరువు బూట్లలో కుంటుకుంటూ వంతెన ఎక్కింది. చెక్కలు కదల్లేదు. పిల్ల చెయ్యి పైకి చాపింది, పట్టుకోవడానికి. అందలేదు. మునివేళ్లమీద లేచింది. అప్పుడూ అందలేదు. తీగ మగవాళ్ల భుజాల ఎత్తున కట్టారు మరి. పిల్ల రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ అక్కడే ఆగిపోయి మావంక చూసింది.

"పెద్దయితే అదే అందుతుందిలే," అన్నాడు తోక్తోసున్ బాయ్‌కే.

"అందాకా ఏరు ఆగుతుందా?" నా గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. "ఈ వంతెన ఎవరికోసం కట్టారు? మీకోసమా? మీరు కార్లో తిరుగుతారు! ఎవరు నడుస్తారో వాళ్ల ఎత్తు చూశారా ఎవరైనా?"

ఎర్మెక్ అగాయ్ కోటు విప్పి చెక్కలమీద పడేసి, మిగిలిన తీగ చుట్ట భుజాన వేసుకుని అవతలనించి వచ్చాడు. కుందుజ్ బేగాయ్‌ని నిలబెట్టి, మోచెయ్యి ఎక్కడికి వస్తుందో సుద్దతో గుర్తు పెట్టింది. పెద్ద తీగ కిందన చిన్న తీగ, రెండువైపులా. ఆ కుర్రాడికి సుత్తి పట్టడం కూడా రాదు, వేలిమీద కొట్టుకున్నాడు. అతని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఊడితే అప్పుడూ ఊరుకోను.

అంతా అయ్యాక తోక్తోసున్ బాయ్‌కే అలిసిపోయి నా ముందుకొచ్చాడు. "ఇప్పుడు సరేనా, కోడలా?"

"నన్నడుగుతారేం? నడిచేదాన్ని అడగండి."

నన్ను కాల్చేసేలా చూశాడు. చుట్టూ ఊరంతా ఉంది. చివరికి ఆ పెద్ద మనిషి తన మంచి కోటుతో ఆ బురదలో గొంతుక్కూర్చుని, "ఏమ్మా, సరిపోయిందా?" అన్నాడు.

బేగాయ్ చిన్న తీగని పట్టుకుని చూసింది. "తీగ చల్లగా ఉంది. చెయ్యి అంటుకుపోతుంది," అంది.

కెన్జేబూ ఉన్ని గుడ్డపీలికలు తేవడానికి ఇంటికి పరిగెత్తింది. ఆయన అక్కడే, అలాగే కూర్చుని ఉన్నాడు. నేను తాడు వదల్లేదు.